పదమూడో ఎక్కం

మా కాలపు హైదరాబాదులో ఉద్యోగం రావాలంటే టైపు రావాలి, టైపు రావాలంటే ఆబిడ్స్‌లో ఓ మేడమెట్లు ఎక్కాలి. ఆ మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లన్నీ ఒక్కసారి మొదలైతే నాంపల్లి స్టేషన్లో రైళ్లు సిగ్గుపడి ఆగిపోయేవి (తగ్గించే చెబుతున్నాను). ఆడపిల్లలు ముందు వరస, మగపిల్లలు వెనక వరస. అది మాస్టారు పెట్టిన మర్యాద. సరిగ్గా నా ముందు నీలం ఓణీ. పేరు తెలుసు, చెప్పను. బెజవాడ నుంచి వచ్చిన నేను, ఆమెతో మాట్లాడ్డానికి ఒక్క మాట కోసం ఎన్నాళ్లుగానో వెతుక్కుంటున్నాను.

ఒకరోజు మాస్టారి బావమరిది వచ్చాడు. మనుషుల ధ్యాస మీద పరిశోధనట. మేం టైపు చేస్తుంటే అతను ఎక్కాలు అడుగుతాడు. చెయ్యి ఆపకుండా జవాబు చెప్పాలి. నీలం ఓణీ పదమూడో ఎక్కం జలపాతంలా అప్పజెప్పింది, కాగితంలో ఒక్క తప్పు లేదు. నన్ను నా పేరు అడిగినా తడబడేవాణ్ణి. నా కాగితం తన్నిన చీమలపుట్టలా ఉంది. మా వరసంతా అంతే.

"చూశావా బావా, ఆడవాళ్ల బుర్ర రెండు పట్టాల మీద నడుస్తుంది. మగవాళ్లకి ఒకటే పట్టా. అది పుట్టుక" అన్నాడతను. (వెనక వరస చూపులన్నీ ముందు వరస జడలకు వేలాడుతున్న సంగతి ఆ శాస్త్రానికి అందలేదు.)

నీలం ఓణీ తల తిప్పలేదు, చెయ్యి ఆపలేదు. "గట్లేం లేదు సార్. ఒక దిక్కు పాలు చూసుకుంట, ఒక దిక్కు తమ్ముణ్ణి ఆడించుకుంట చదివిన నేను. అలవాటు, గంతే. గీ నా వెనక కూసున్నాయన్ని రెణ్ణెల్లు మా ఇంట్ల ఉంచున్రి, ఆయనకు గూడ వస్తది."

అందరూ నవ్వారు. "ఎప్పట్నుంచి రమ్మంటారు?" అనాలి నేను. ఇన్నాళ్లూ వెతికిన మాట అదే, నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడు ఆమెను చూస్తున్నాను కదా. చూస్తూ మాట్లాడ్డమంటే రెండు పనులు.

ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్ చుట్టూ ఆ వాక్యాన్నే వల్లిస్తూ తిరిగాను. "ఎవరు రమ్మన్నరు బాబూ, జర చెప్పు" అన్నాడు పళ్లబండి ముసలాయన. రోజూ సిద్ధమై వెళ్లడం, జడ చూసి మరిచిపోవడం. ఇలా ఉండగా ఆమె పరీక్ష ప్యాసైంది, వరంగల్లులో నౌకరీ వచ్చింది. ముందు కుర్చీ ఖాళీ అయిన రోజు మాత్రం తప్పు లేకుండా టైపు చేశాను. ఎక్కాలు కూడా చెప్పేవాణ్ణే, అడిగేవాళ్లు లేరు.

ఇప్పుడు మా ఆవిడ స్కూలు టీచరు. పొద్దుటి వంటిల్లు నాది. పాలు చూస్తూ, పేపరు చదువుతూ, మా చిన్నదాని చేత ఎక్కాలు చెప్పించుకుంటాను. నీలం ఓణీ అన్నది నిజమే, అలవాటు గంతే. చిన్నది పదమూడో ఎక్కం ఎత్తుకున్న రోజు మాత్రం పాలు పొంగిపోతాయి.

"మగాళ్లకి రెండు పనులు ఒక్కసారి రావని ఊరికే అన్నారా" అంటుంది మా ఆవిడ.

అవునవునంటూ గట్టు తుడుస్తాను.