చిల్లుకుండ మీద ఫిర్యాదు

లారీలో దూరాభారం వచ్చిన అట్టపెట్టెకి ఒక వాసన ఉంటుంది. తడిసి ఆరిన అట్ట, గోధుమరంగు టేపు జిగురు, దారిలో ఎక్కించుకున్న ఎవరివో ఉల్లిపాయల బస్తాలు, వీటన్నిటి మీదా పైపూతగా డీజిలు. పోయిన నెల మా దగ్గర ఉండటానికి వచ్చేసిన నాన్న సామాను కొల్హాపూర్ వైపు నుంచి రాజమండ్రిలో మా ఇంటికి వచ్చినప్పుడు, హాలు నిండా పేర్చిన పెట్టెల మధ్య పక్కకి తిరిగి నడుచుకుంటూ వెళ్ళి కాఫీ పెట్టుకుంటే, కాఫీ కూడా ఆ వాసనే వేసింది. సామాను చేరవేసిన ఆ కంపెనీ మీద జనం రాసుకున్న ఫిర్యాదులు నేను ముందే చదివాను. ఒకావిడ మంచం వచ్చింది గానీ కాళ్ళు రాలేదు. ఒకాయన ఫ్రిజ్జు ఇంకెవరింటికో కాపురానికి వెళ్ళిపోయింది. అన్నీ చదివి కూడా వాళ్ళకే ఇచ్చాను, మిగతా కంపెనీల మీద ఫిర్యాదులు ఇంకా బాగా రాసి ఉన్నాయి కాబట్టి. ఎవరికిచ్చినా మూవింగు వాళ్ళది, మూలుగుడు మనది.

ఒక పెట్టెలో నాన్న పాత స్వెట్టరు ఉంది. దాని మడతల్లో, అమ్మ పూతరేకుల కుండ, ముక్కలై ఉంది.

అమ్మది ఆత్రేయపురం. అక్కడ పూతరేకులు చేస్తారంటే పండగ పూట సరదాకి చేసుకుంటారని కాదు, వేరే ఊళ్ళలో ఆడవాళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు అక్కడ కుండ ముందు కూర్చుంటారు. ఆ కుండని చూసి కుండ అనుకోవడం కొత్తవాళ్ళకి కష్టం. దాన్ని బోర్లించి వాడతారు, పక్కన గుప్పెడు కొబ్బరాకులు దూరేంత చిల్లు ఉంటుంది, నీళ్ళు పోస్తే నిలవవు, నిప్పు పెడితే నిలుస్తుంది. ఆ చిల్లులోంచి ఎండు కొబ్బరాకు చీల్చి చీల్చి లోపలికి తోస్తూ, మంట పెద్దదీ కాకుండా ఆరిపోకుండా చూసుకుంటూ, నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని మజ్జిగకన్నా పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి, నల్లగా నిగనిగలాడే కుండ వీపు మీద ఒక్కసారి ఇటునుంచి అటు లాగితే, చుయ్యిమని ఒక చప్పుడు, ఆవిరి, అంతే, కాగితమంటే కాగితానికి సిగ్గేసే రేకు. దాన్ని గోటితో లేపి తీసి పక్కన పెట్టేలోపు రెండో చేయి మళ్ళీ గుడ్డ ముంచేది.

వేసవి సెలవులకి అమ్మమ్మ ఇంటికి వెళితే ఫాను వెయ్యనిచ్చేవారు కాదు, రేకులు ఎగిరిపోతాయని. మేం పిల్లలం చెమటలు కార్చుకుంటూ, గోదారి మీంచి గాలి వచ్చి ఒక్క రేకైనా చిరిగితే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చునేవాళ్ళం. చిరిగినవన్నీ మావి. వాటిని కళ్ళకి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసేవాళ్ళం, నాలిక మీద పెట్టుకుని ఎవరిది ముందు కరిగితే వాళ్ళు ఓడిపోయినట్టు పందెం వేసుకునేవాళ్ళం. నేను ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. నా నోరు చిన్నప్పట్నుంచీ ఏదీ దాచుకోలేదు.

కొత్త కుండ మీద రేకు రాదు. అంటుకుంటుంది, ముక్కలవుతుంది. నూనె రాసి, మంట పెట్టి, తుడిచి, మళ్ళీ రాసి, అలా వాడగా వాడగా కుండ మనిషి చేతికి అలవాటు పడాలి. అమ్మమ్మ చేతికి ఏళ్ళ తరబడి అలవాటు పడిన కుండని అమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకుంది. నాన్నది తణుకులో చక్కెర మిల్లు ఉద్యోగం, పాకం మరిగే పాత్రల దగ్గర నిలబడి ఎప్పుడు గింజ కడుతుందో చూసి చెప్పే పని. అంత పాకం చూసిన మనిషి, ఇంట్లో మాత్రం ప్రతి మాటా ముదురుపాకమే. వెటకారం లేకుండా మంచినీళ్ళడగడం కూడా రాదు. "ఏవమ్మా, మహారాణీగారూ, మీ చిల్లుకుండ దర్బారు అయిపోతే మాకు కాస్త అన్నం పెడతారా అండీ?" అనేవారు. అమ్మ ఇంకో రేకు లాగేది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆవిడ రేకుల కోసం మా పెరట్లో జనం కూర్చునేవారు, నాన్నని వాళ్ళంతా "రేకులావిడ గారి ఆయన" అనేవారు. అది ఆయనకి గుచ్చుకునేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేను ఆరో తరగతిలో ఉండగా నాన్నకి కొల్హాపూర్ వైపు ఒక మిల్లులో పెద్ద పని వచ్చింది. సామాను చేరవెయ్యడానికి ఒక కంపెనీ మేస్త్రీ వచ్చి, ఇల్లంతా కళ్ళతోనే కొలిచేసి, "పెళ్ళికూతుర్ని దించినట్టు దించేత్తామండి, మీరు రైలెక్కి పడుకోండి" అన్నాడు. అమ్మ కుండని మాత్రం ఇవ్వనంది. ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంటానంది.

"చిల్లుకుండ ఒళ్ళో పెట్టుకుని రైలుపెట్టెలో కూర్చుంటే నీకు చిల్లరేస్తారే," అన్నారు నాన్న. "నేను పక్కన కూర్చుంటే నాకూ వేస్తారు."

మేస్త్రీ నవ్వాడు, కూలీలు నవ్వారు, నాన్న మాటలకి నవ్వడం అలవాటైన నేనూ నవ్వాను. అమ్మ గంపలో వరిగడ్డి పరిచి, కుండని పసిపిల్లని చుట్టినట్టు తన పాత చీరలో చుట్టి, మీద మళ్ళీ గడ్డి కప్పి, గంప తాళ్ళు తనే బిగించి మేస్త్రీ చేతికిచ్చింది.

లారీ ఎంతకీ రాలేదు. కొత్త ఊళ్ళో, భాష రాని ఇరుగుపొరుగు మధ్య, మేం ముగ్గురం ఒకే చాప మీద, పక్కింటివాళ్ళిచ్చిన రెండు గిన్నెలతో కాపురం చేశాం. నాన్న రోజూ ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోను చేసేవారు. కోపం వచ్చేకొద్దీ ఆయన మర్యాద పెరిగేది. "లారీ బాగుందాండి? డ్రైవరుగారు కులాసాయేనాండి? సామాను తీర్థయాత్రలకేమైనా బయల్దేరిందాండి?" అవతలివాళ్ళు ఫోను పెట్టేసేవారు. అమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని రోడ్డు చూసేది. ఆ ఊళ్ళో మా వీధిలో ఎవరో అప్పటికే అడిగారట, చేతుల సైగలతో, నీకేం పని వచ్చని. అమ్మ గాల్లో గుడ్డ లాగి చూపించింది. వాళ్ళకి అర్థం కాలేదు. కుండ వస్తే చూపిస్తానని నాతో అంది.

లారీ వచ్చింది. బీరువాకి ఒక తలుపు లేదు. మాది కాని ఉయ్యాల ఒకటి దిగింది. ఆఖరున డ్రైవరు, నలభై దాటిన మనిషి, కుండని రెండు చేతుల్తో పట్టుకుని స్వయంగా తెచ్చి అమ్మకిచ్చాడు. గంప లేదు, గడ్డి లేదు, చీర లేదు. కుండ ఎక్కడా పగల్లేదు. కుమ్మరి దగ్గర నిన్న కొన్నట్టు ఎర్రగా ఉంది.

"భలే కుండండి అమ్మగారూ," అన్నాడు. "దారంతా దీని మీదే చపాతీలు కాల్చుకున్నాం. డీజిలు గుడ్డలు లోపలెట్టి అంటిత్తే పెనం ఎందుకూ పనికిరాదండి దీని ముందు. వాడుకుని మసితో ఇవ్వకూడదు కదండీ, ఇసకా కొబ్బరిపీచూ ఎట్టి నేనే తోమాను. ఎలాగుందో చూడండి."

అతను మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. అమ్మమ్మ చేతి నలుపంతా రోడ్డు పక్కన ఏదో కుళాయి దగ్గర కొట్టుకుపోయింది. అమ్మ కుండని ముక్కు దగ్గర పెట్టుకుంది. మట్టి తాగగలిగినంత డీజిలు తాగింది.

మర్నాటి నుంచి అమ్మ నూనె రాయడం, మంట పెట్టడం, తుడవడం. ముందు రేకు అంటుకుంది. తర్వాత చిరుగుతూ వచ్చింది. వచ్చినదల్లా డీజిలు వాసన. వీధిలోవాళ్ళు తిని, మర్యాదగా తలూపి, మళ్ళీ అడగలేదు. అమ్మ నాన్నతో ఒకటే అంది, "ఏవండీ, బీరువా సంగతి మీ ఇష్టం. ఈ కుండ పాడుచేశామని మాత్రం వాళ్ళ చేత ఒప్పించండి. ఇంకేం వద్దు."

కంపెనీవాళ్ళు చూసి రమ్మని షోలాపూర్ నుంచి ఒక తెలుగాయన్ని పంపారు. బీరువా చూశాడు, సరేనన్నాడు. కుండ చూసి, "ఇది ముందే పలిగింది కదమ్మా, ఇంత చిల్లుంది," అన్నాడు. నాన్న పకపకా నవ్వారు. అది చిల్లు కాదు, మంట పెట్టే దారి అని అమ్మ చెప్పింది. "మరి పలగలేదన్నట్టే కదా. పలిగిందా, పోయిందా, ఆలస్యమైందా, ఈ మూడే నేను రాసేది." అప్పుడు అమ్మ, నమ్మకం కలిగించడానికి తనకి తెలిసిన ఒకే దారి అదే కాబట్టి, ఆయన ముందే కుండ లోపల మంట పెట్టి, గుడ్డ లాగి, రేకు తీసి, నెయ్యీ పంచదారా వేసి మడిచి, పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఆ రేకు తింటే ఎవరికైనా తెలిసిపోతుందని ఆవిడ ధీమా.

ఆయన జన్మలో పూతరేకు తిన్న మనిషి కాదు. మొత్తం తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు.

"మంచిగున్నదమ్మా. దీంట్ల ఖరాబేముంది? ఇంకొకటియ్యి."

అమ్మ నాన్న వైపు చూసింది. ఆ చూపు నాకు గుర్తుంది, ఎందుకంటే అది ఆవిడ ఆయన్ని ఏదైనా అడిగిన చివరిసారి. నాన్నకి ఆ పూట బీరువా తలుపు సంగతి తేలిపోవాలి, నవ్వు ఇంకా ఆగలేదు. "తిన్నాయన బాగుందన్నాక ఇంకా కంప్లైంటేంటే? రేకులావిడగారికి మెచ్చుకోలు పత్రం కూడా ఇప్పిస్తాలే" అంటూ, కుండ సవ్యంగానే ఉందన్న చోట సంతకం పెట్టేశారు.

అమ్మ ఏడవలేదు, అరవలేదు. ఆ దసరాకి నాన్న పళ్ళెంలో రెండు పూతరేకులు పెట్టింది. ఒక్క ఆయన పళ్ళెంలోనే. నాన్న కొరికి ఆగిపోయారు.

"తినండి," అంది అమ్మ. "బాగున్నాయని సంతకం పెట్టారుగా."

నాన్న తిన్నారు. "బావుంది" అన్నారు. దీపావళికి తిన్నారు, ఉగాదికి తిన్నారు, ఆయన పుట్టినరోజుకి తిన్నారు. మా ఇంట్లో పండగంటే బొబ్బట్లూ పులిహోరా మాకు, పూతరేకులు నాన్నకి. ఇంటికొచ్చినవాళ్ళు, ఎంత ప్రేమో చూడండి, ఆయనకి ప్రత్యేకం చేస్తుంది అనేవారు. నాన్న వెటకారం మెల్లిగా తగ్గింది. నోట్లో ఆ రేకు ఉండగా మాట్లాడటం కష్టం కాబోలు.

తొమ్మిదో తరగతిలో అనుకుంటా, ఒక దసరా పొద్దున అమ్మ పెరట్లో రేకులు తీస్తుంటే నేను పాత అలవాటు కొద్దీ చిరిగిన ముక్క ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. కరిగిపోయింది. బియ్యం వాసన, కాస్త పొగ వాసన. అంతే.

"అమ్మా, వాసన పోయిందే!"

"ఎప్పుడో పోయింది," అంది అమ్మ.

కుండ మళ్ళీ నల్లబడింది. మళ్ళీ అలవాటు పడింది, ఈసారి అమ్మ చేతికి. నేను ఆనందంతో నాన్నకి చెబుదామని లేవబోతుంటే, అమ్మ పక్కనున్న సీసా మూత తీసి, గుడ్డ చివర కిరసనాయిలు అంటీ అంటనట్టు తాకించి, కుండ వీపు మీద ఒకసారి తుడిచి, పిండిలో గుడ్డ ముంచి రెండు రేకులు తీసి విడిగా పెట్టింది. తర్వాత కుండని శుభ్రంగా మండించి, మామూలు రేకులు తీయడం మొదలెట్టింది.

"ఇవి నీకూ వీధిలోవాళ్ళకీ. నోరు మూసుకుని తిను."

నా నోరు జీవితంలో ఏదైనా దాచింది అంటే అదొక్కటే. అమ్మ పోయిన ఏడాది పోయింది. అంతకుముందు ఉగాదికి కూడా, చేతులు వణుకుతుంటే కూర్చుని, రెండు రేకులు తీసింది.

సామాను వచ్చిన మర్నాడు కంపెనీ ఫోనుకి పంపిన జాబితాలో 'పగిలినవి' అన్నది నొక్కాను. ఇన్నేళ్ళకి ఆ కుండకి ఒక గడి దొరికింది కదా అని. పెంకులన్నీ పేర్చి ఫోటో తీసి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: ఫోటోలో ఒకచోట అంచు నున్నగా, గుండ్రంగా ఉంది కాబట్టి, వస్తువుకి ముందే చిల్లు ఉన్నట్టు తెలుస్తోంది, విచారిస్తున్నాం.

నాన్నకి చదివి వినిపించాను. పాత నవ్వు నవ్వబోయి, గదిలో చుట్టూ చూసి, మానేశారు.

ఆయన్ని ఓదార్చడానికో, నా కసి తీరడానికో, ఇప్పటికీ చెప్పలేను, సీసా సంగతి ఆ పూట చెప్పేశాను. "నాన్నా, అది డీజిలు కాదు. వాసన పోయాక కూడా అమ్మ కావాలని..."

"కిరసనాయిలు," అన్నారు నాన్న.

నేను చేతిలో ఫోను పక్కన పెట్టేశాను.

"జన్మంతా పాకం వాసన చూసి బతికినవాణ్ణి. డీజిలుకీ కిరసనాయిలుకీ తేడా తెలీదా బుజ్జీ? మూడో ఏడు పండక్కే మారింది."

"మరి ఎందుకు తిన్నారు?"

"మానేస్తే, తెలిసిపోయిందని మీ అమ్మకి తెలిసిపోయేది. అప్పుడింకేం కలిపేదో."

వెటకారమే. కానీ ఆ చివర 'మీ అమ్మ' దగ్గర గొంతు కాస్త జారింది. జారనీ అనుకున్నాను. ఆవిడ ఒక్క మాట అడిగింది, ఈయన ఒక్క సంతకంతో తేల్చేశారు, ఆ తర్వాత అన్నేళ్ళూ పళ్ళెం ఖాళీ చెయ్యడం తేలిక, తప్పయిందనడం కష్టం అయింది ఆయనకి.

మొన్న ఆదివారం ఆత్రేయపురం వెళ్ళి, మంచివని పేరున్న చోట పూతరేకులు కట్టించుకొచ్చాను. ఇప్పుడు అన్నీ రంగురంగుల పెట్టెల్లో, జీడిపప్పు పొడి, చాక్లెట్ పొడి. అమ్మమ్మ ఉన్న వీధిలో కొబ్బరాకు పొగ లేదు, ఫానులు తిరుగుతున్నాయి, రేకు చిరిగితే చాలని కూర్చునే పిల్లలు లేరు. మామూలు బెల్లం నేతి రేకు ఒకటి పళ్ళెంలో పెట్టి నాన్న ముందు ఉంచాను. ఆయన వాసన చూశారు, కొరికారు, చాలాసేపు నమిలారు. 'బావుంది' అంటారని చూశాను. పళ్ళెం మెల్లిగా నా వైపు జరిపారు.

"ఇంట్లో కిరసనాయిలు ఉందా?" అన్నారు.

లేదు. ఇక్కడ రేషన్‌లో ఇవ్వడం మానేసి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో ఎక్కడా దొరకదు.