అన్నీ తెలిసిన బుచ్చయ్య మీద కేసు

తెలియదు అన్న మాట బుచ్చయ్య నోట ఎవరూ వినలేదు. ఉస్మాన్‌గంజ్‌లో బసవయ్య గిన్నెల దుకాణం అరుగు మీద కూర్చుని ఇత్తడి సామాను మీద ఉలితో పేర్లు కొట్టడం ఆయన పని. చేతులు పేర్లు కొడుతుంటే నోరు లోకానికి సలహాలు ఇచ్చేది. గుడిమల్కాపూర్‌కు దారి అడిగిన పాపానికి ఒక పెద్దమనిషిని ఇంకో దిక్కునున్న చాంద్రాయణగుట్ట బస్సెక్కించాడు. భార్య చంద్రమ్మ కడుపుతో ఉన్న ప్రతిసారీ మగపిల్లవాడేనని గల్లీ అంతా చాటాడు. ముగ్గురూ ఆడపిల్లలే.

డెబ్బై ఆరు ఎండాకాలంలో ఇస్త్రీ చొక్కా మనిషొకడు రిక్షాలో రెండు గంగాళాలు తెచ్చి దింపాడు. వాటి మీద విమలాదేవి అని ఉంది. అది గీకేసి కళావతి అని కొట్టమన్నాడు. ఇంకెవరైనా అయితే ఎందుకని అడిగేవాళ్లు. బుచ్చయ్య అడగడు, అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టే కదా! ఆకురాయి అందుకుని ఆ మనిషి ముఖంలోకి ఒకసారి చూశాడు.

"మొదటామె గుజరిపోయింది. ఇది రెండో పెండ్లి. గంతేనా భాయ్?"

ఆ మనిషి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తల వంచి రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. బుచ్చయ్యకూ కళ్లు చెమర్చాయి. కొత్త పేరు కింద ఊరికే ఒక తీగ కూడా చెక్కి ఇచ్చాడు. "చూసినవా సేటూ, నోరు తెరువకముందే చెప్పిన!" అని లోపలున్న బసవయ్యను పిలిచి మరీ మురిసిపోయాడు.

నెల తిరగకుండానే పోలీసులొచ్చారు. విమలాదేవి నిక్షేపంగా బతికి ఉంది, తన గంగాళాల కోసం ఇల్లు పీకి పందిరి వేస్తోంది. దొంగ దొరికి, బుచ్చయ్య అరుగు చూపించాడు. దొంగసొత్తని తెలిసే పేరు చెరిపి, దాచడానికి సాయం చేశాడని బుచ్చయ్య మీద కేసు పెట్టారు. రుజువైతే మూడేళ్లదాకా జైలు.

వకీలు ప్రహ్లాద్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. "తెలిసి చేస్తేనే నేరం బుచ్చయ్యా. జడ్జిగారు ఏమడిగినా తెల్వదను. ఆ ఒక్క మాట చాలు."

ఆ ఒక్క మాటే బుచ్చయ్య గొంతు దాటి రాలేదు. చంద్రమ్మ అన్నం మానేసింది. "నీ కాళ్లు మొక్కుత, ముగ్గురు పిల్లల ముఖం చూసన్న ఒక్కసారి అను" అని ఏడ్చింది. సరేనన్నాడు.

కోర్టులో మేజిస్ట్రేటు అడిగాడు. "పాత పేరు ఎందుకు తీయమన్నాడో నీకు తెలుసా?"

"తెలుసు సార్."

ప్రహ్లాద్ తల పట్టుకున్నాడు.

"ఎందుకు?"

"మొదటి భార్య సచ్చిపోయింది సార్. రెండో పెండ్లి చేసుకుండు."

"ఆ సంగతి అతను చెప్పాడా?"

"ఆయనేం చెప్తడు? నేనే ముఖం చూసి పట్టిన."

బసవయ్య సాక్ష్యమిచ్చి ఆ మాట నిజమేనన్నాడు. తర్వాత చంద్రమ్మ బోనెక్కింది. "ఈయనకేం తెల్వదు సార్. పెండ్లయిన కాడికెల్లి చూస్తున్న, ఈయన చెప్పింది ఒక్కటన్న నిజం కాలే" అంటూ మొదలుపెట్టి, బస్సు సంగతీ మగపిల్లల సంగతీ ఏకరువు పెట్టింది. కోర్టంతా నవ్వింది. అరెస్టయిన రోజు కూడా దించని తలను బుచ్చయ్య అప్పుడు దించాడు. గల్లీవాళ్లతో వెనక బెంచీ మీద కూర్చుని చూస్తున్న నాకు, నవ్వుతూనే, ఆయన మీద జాలేసింది.

"దొంగసొత్తని ఇతనికి తెలియాలి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండాలి" అన్నాడు మేజిస్ట్రేటు. "ఇతను వేరే కథ కల్పించుకుని దాన్నే నమ్మాడు. ఏమీ తెలియని మనిషి. కేసు కొట్టేస్తున్నాను."

చంద్రమ్మ రెండు చేతులూ జోడించింది. బుచ్చయ్య మాత్రం బోనులోంచి కదల్లేదు.

"ఏమీ తెల్వదంటే ఎట్ల సార్? నాకు గూడ జర అనుమానమొచ్చింది."

ప్రహ్లాద్ ముఖం పాలిపోయింది. మేజిస్ట్రేటు కలం పట్టుకుని ముందుకు వంగాడు.

"ఏమని అనుమానం?"

"రెండోది కాదు, మూడో పెండ్లేమోనని."

మేజిస్ట్రేటు కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చంద్రమ్మ మొగుడి రెక్క పట్టుకుని, ఇంకో మాట రాకముందే బయటికి లాక్కుపోయింది.