తులసి కోటలో ఉసిరి కొమ్మ

కట్టంగూర్ వైపు మా బావి పక్కన బాపు పెంచిన ఉసిరి చెట్టు ఒకటి ఉండేది. వానలు వెనకపట్టేసరికి ఊళ్లోని ఉసిరి చెట్లన్నిటికీ తుప్పు రంగు మచ్చలు పడి ఆకు రాలేది, కాయ గిడసబారేది. మా చెట్టుకు ఏ తెగులూ సోకేది కాదు. కాయల బరువుకు కొమ్మలు నేలకు వంగేవి. గింజ నాటితే ఆ గుణం రాదనీ, కొమ్మ మీద చిగురు పుట్టే కన్నును బెరడుతో సహా తీసి అడవి ఉసిరి మొక్కకు అంటు కట్టాలనీ బాపు అనేవాడు. అందుకోసం పెరట్లో అడవి ఉసిరి మొక్కలు పెంచుతున్నాడు. అవింకా సన్నగా ఉన్నాయి, వచ్చే వానాకాలానికి చూద్దామనుకున్నాడు.

పోలీసు చర్య జరిగిన ఏడాది కార్తీకం. అప్పటికే మా చిన్నాయన దళంతో అడవికి పోయాడు, కబురు లేదు. దళాలు దాక్కుంటున్నాయని, ఊరి చుట్టూ తోటలు కొట్టేయమని మిలిటరీ క్యాంపు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరి చెట్లు వారే కొట్టాలి. తులసి పెండ్లి నాడు పొద్దున బాపు గొడ్డలి పట్టుకుని పోయాడు. ఆ ఒక్క చెట్టు వదలమంటే, నీ తమ్ముడికి నీడ కావాలా అని జవాను నవ్వాడట. నరికిన కొమ్మలన్నీ అక్కడే కాల్పించారు. ముందే అమ్మ పూజకని కాయలున్న కొమ్మ ఒకటి విరిచి తెచ్చింది. మిగిలింది అదే.

బాపు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. తులసి కోటలో ఆ కొమ్మ పెండ్లికొడుకై నిలబడింది. బాపు చాకు తీశాడు. కోట ముందు కూర్చున్న అవ్వ, బాపు తల్లి, చెయ్యి అడ్డం పెట్టింది.

"పెండ్లినాడే పెండ్లికొడుకు మీద కత్తి పెడ్తవారా? నీ తమ్ముడు పానంతోని రావాలని మొక్కి చేసిన. తెల్లారినంక తీస్కో."

"ఎండిపోతదే అవ్వా."

"ఎండనియ్యి. వానికంటె ఎక్కువనా గది?"

బాపు చాకు మడిచి మొలలో పెట్టుకున్నాడు.

తెల్లవారి కన్నులు తీసి ఆ సన్నటి మొక్కలకే కట్టాడు. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు అవ్వే పోయి చూసేది. కన్నులు నల్లబడి ఒక్కొక్కటే రాలిపోయాయి. చిన్నాయన రాలేదు. ఎక్కడ పోయిందీ చెప్పినవారు లేరు.

చాన్నాళ్లకు అవ్వ బాపును అడిగింది, ఆ సాయంత్రమే కోసి ఉంటే ఆ కన్నులు బతికేవా అని.

"లేదవ్వా. చలి వడ్డంక అంటు వట్టదు," అన్నాడు బాపు.

తర్వాతి కాలంలో నేను ఎన్నో ఉసిరి అంట్లు కట్టాను, ప్రతిదీ డైరీలో రాసుకున్నాను. కార్తీకంలో కట్టినవి చాలావరకు పోయాయి. కొమ్మ కోసిన నాడే కన్ను తీసి కట్టినవి మాత్రం కొన్ని పట్టాయి. బాపుకు అది తెలియని సంగతి కాదు.