పదకొండో నంబరు

మైదానంలో సున్నంతో గీతలు గీసే మనిషిని అక్కడి ఆడపిల్లలంతా చిరుతక్క అంటారు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆవిడ టైము రెండు నిమిషాల ఏడు సెకన్లు. పదిహేడేళ్లయింది, ఇంతవరకూ దాని దరిదాపులకొచ్చిన పిల్ల లేదు. మెట్ల పక్కనున్న రికార్డుల బోర్డు మీద ఆ అంకె, పక్కన ఆవిడ పేరు ఉంటాయి. రంగు వెలిసినప్పుడల్లా ఆవిడే కుంచె పట్టి దిద్దుకునేది.

ఈ ఏడు పరుగుల కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. ఆరేళ్లుగా పొద్దున్నే పిల్లల్ని పరిగెత్తిస్తున్నది తనే కదా, ఇంకెవరికిస్తారులే అనుకుని దరఖాస్తు పెట్టింది. కొత్త బూట్లు కూడా కొనుక్కుంది, పిచ్చిది.

క్రీడాసంఘం కార్యదర్శి పిలిపించాడు. కూర్చోమనకుండానే ఫోను తిప్పి చూపించాడు. ఒకే పేరున్న క్రీడాకారుల్లో జనం నెట్‌లో ఎవరిని ఎక్కువ వెతుకుతున్నారో వరసపెట్టిన జాబితా అది. చిరుతక్క అసలు పేరుతో పదకొండు మంది తేలారు. ఒకటో స్థానం షాంపూ ప్రకటనల్లో నవ్వే టెన్నిస్ అమ్మాయిది. పదకొండోది చిరుతక్కది, ఫొటో కూడా లేదు.

"చూడమ్మా, మాకు పేరున్నవాళ్లు కావాలి," అన్నాడు.

"నాదీ అదే పేరు కదా సార్."

ఆయన నవ్వి, నెలాఖరుకి జాబితా మారుతుంది, అప్పుడు చూద్దామని సాగనంపాడు.

సంగతి తెలిశాక పిల్లలు ఊరుకుంటారా? ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ లాక్కుని, అమ్మమ్మల చేత కూడా టైపు చేయించి, రెండు వారాలపాటు అక్క పేరే వెతికారు. తీరా చూస్తే అక్క పదకొండులోనే ఉంది. వెతికిన ప్రతిసారీ ఆ లెక్క ఒకటో నంబరుకే పోయి చేరింది. పైగా జాబితాలో ఆ టెన్నిస్ అమ్మాయి ఫొటో కింద ఎనిమిది వందల మీటర్ల రికార్డు కూడా తగిలించారు. ఆ పరుగు నాటికి ఆ పిల్లకు నిండా అయిదేళ్లు లేవు. రాసినవాడి బుద్ధి గడ్డి తిందనుకుందాం, చదివినవాడిదో?

కోచ్ ఉద్యోగం నాలుగో నంబరుకిచ్చారు. ఆవిడ చదరంగం ఆడుతుంది. పుండు మీద కారం చల్లినట్టు, టెన్నిస్ అమ్మాయిని సన్మానానికి పిలిచి, బోర్డు మీద రికార్డు పక్కన ఆ అమ్మాయి ఫొటో అతికించమని చిరుతక్కకే పురమాయించాడు కార్యదర్శి.

అరికాలి మంట నెత్తికెక్కింది చిరుతక్కకు. ఫొటో మెట్ల మీద పడేసింది. సున్నం బకెట్టులో కుంచె ముంచి, ఆయన చూస్తుండగానే బోర్డు మీద తన పేరు కొట్టేసింది. పదిహేడేళ్లు దిద్దుకున్న అక్షరాలవి. అంకె జోలికి మాత్రం పోలేదు.

"పేరు ఆ అమ్మాయినే ఉంచుకోమనండి సార్," అంది. "ఆ రెండు నిమిషాల ఏడు సెకన్లు మాత్రం వచ్చి, పరిగెత్తి తీసుకోమనండి."

సున్నమోడుతున్న కుంచెను ఆయన చేతిలో పెట్టి, గీతల మీద నిలబడ్డ పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.