చెట్లు లేని చోట ఉయ్యాల

మా ఆవిడ కువైట్ నుంచి పంపిన ఉయ్యాల నా చేతికి పులివెందుల బస్టాండులో అందింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు తిరిగే బస్సులో నేను కండక్టర్‌ని. సెలవు మీద వచ్చిన ఒకామె, అక్కడ మా ఆవిడకు పక్కింట్లోనే పనిచేసేదట, టీకొట్టు దగ్గర నా బస్సు కోసం కాచుకుని ఉంది. సంచి నా చేతిలో పెట్టి, "నలగనీయొద్దని మీ ఇంటామె మరీ మరీ చెప్పిందన్నా" అంది.

నలగడానికి అందులో ఏముంది, వల. మెత్తటి తెల్ల నూలు తాడుతో అల్లిన వల, రెండు కొసలకు రెండు ఇనుప కడియాలు. సీట్లో పరిచి చూస్తుంటే ముందు వరసలో కూర్చున్నాయన, "ఏందప్పా, మైలవరం డ్యాములో చేపలు పడదామనా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి చిల్లర లేదని ఆయన్ని ముద్దనూరు దాకా సతాయించాను.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది, అక్కడ ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని ఆమెది. ఆమె మా అక్క కూతురే, చిన్నప్పటి నుంచీ నన్ను మామా అనే పిలుస్తుంది.

"రెండు యాపచెట్ల నడుమ కట్టు మామా. నేనొచ్చేలోగా కట్టేయి. ఈళ్ల పిల్లోళ్లను ఇట్లాంటి దాంట్లో నాలుగేండ్లు ఊపినా. ఒక్కరోజన్నా నేను దాంట్లో పండుకోలే."

"సరేలే, కడతా" అన్నాను.

కట్టడానికి మా ఇంటి ముందర వేపచెట్లు లేవు. రెండూ నేనే కొట్టించాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ప్రొద్దుటూరు దాటాక జమ్మలమడుగు రోడ్డులో పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతుంటే, హద్దురాళ్ల మధ్య మిగిలి ఉన్నవి ఆ రెండు వేపచెట్లే. మిగతా ప్లాట్లన్నీ వదిలేసి ఆమె వాటి కోసమే ఆ ప్లాటు కావాలంది. కొన్నాక ఆమె కువైట్ పోయింది, రెండేళ్లు దాటాక ఆమె పంపిన డబ్బుతో నేను ఇల్లు మొదలుపెట్టాను. పునాది తీసే రోజు మేస్త్రీ జమ్మలమడుగు నుంచి ఒక వాస్తు ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన అటూ ఇటూ నడిచి, ఒక చెట్టు వాకిలికి ఎదురుగా ఉందన్నాడు, రెండోది ఈశాన్యంలో ఉందన్నాడు. ఆ రెంటికీ నేను చలించలేదు. పోబోతూ, "పిల్లలు లేరంటివి కదప్పా. ఇట్లుంటే ఎట్ల కలుగుతారు?" అన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లుగా ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండేది. ఆ రోజు మండలేదు, భయం వేసింది. నా బుద్ధి గడ్డి తిన్నది. మర్నాడే రంపాలవాళ్లను పిలిపించాను.

ఆ రాత్రి ఆమె, "చెట్లెట్ల ఉండాయి మామా?" అని అడిగింది. "బాగుండాయి" అన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు ఏడాదిన్నర సాగింది. వీడియోలో ఇల్లు చూపించమంటే వంటగది చూపించాను, అద్దం చూపించాను, కుళాయి తిప్పి నీళ్లు కూడా చూపించాను. ముందరివైపు చూపించమంటే సిగ్నల్ పోయేది. ఉగాదికి, "పచ్చట్లోకి మన చెట్టు పూతేనా వేసింది?" అంది. "మనదే, ఈసారి శానా పూసింది" అన్నాను. ఆ పూత డిపో వెనక చెట్టుది. అబద్ధం ఆడేవాడికి ఇంత వివరం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉయ్యాల వచ్చిన వారానికి ఆమె ఇంకో మాట అంది. "ఈసారి వస్తే మళ్ల రాబుద్ధి కావడం లేదు ఈడికి. వచ్చినాక చూద్దాం." ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ 'చూద్దాం' కాస్తా 'పోను' కావాలి, నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ప్లాట్లలో ఇల్లంటూ కట్టుకున్నది నేనొక్కణ్నే. చుట్టూ రాళ్లూ ముళ్లకంపా తప్ప దీపం లేదు. పగలంతా జరగండి జరగండి అని అరిచే నోటికి ఇంటికొస్తే పని ఉండేది కాదు. ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టుంటుందని టీవీ పెట్టి, దాని వైపు చూడకుండా బట్టలుతుక్కునేవాణ్ని. ఒంటరితనం అలవాటవుతుందంటారు. నాకు కాలేదు.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. చెట్లు గాలివానకు పడిపోయాయని చెబుదాం, వాటి చోట రెండు గుంజలు పాతి ఉయ్యాల కట్టి ఉంచుదాం, ఉయ్యాల చూసి ఆమె చెట్లను మర్చిపోతుంది. ఇదీ నా తెలివి.

మా వైపు ఏది నిలబెట్టాలన్నా రాయినే నమ్ముతాం. పొలానికి కంచె వేయాలన్నా, గొడ్డును కట్టేయాలన్నా రాతి కూసమే, అంటే రాతి స్తంభమే, పాతుతాం. నేనూ అదే చేశాను. మనిషెత్తు దాటిన రెండు రాతి కూసాలు తెప్పించి, మోకాలి లోతు గుంతలు తీసి, కంచెకు పాతినట్టు నిట్టనిలువుగా పాతాను. కార్తీకం వానలకు నల్లరేగడి నానిపోయి ఉంది. రెండు రోజులు ఆగి, ఉయ్యాల కడియాలకు తాళ్లు బిగించి, మెల్లగా కూర్చున్నాను. బాగానే ఉంది. కాళ్లు పైకెత్తి పడుకున్నాను. రెండు కూసాలూ ముచ్చట్లాడుకునే ముసలమ్మల్లాగా ఒకదాని మీదికి ఒకటి వంగాయి. ఆ వెంటనే ఒకటి మొదలు దగ్గర పుటుక్కున విరిగింది. వెల్లకిలా పడ్డాను, రాయి నా చెవికి జానెడు దూరంలో పడింది.

నడుము పట్టేసింది. లేవలేక చాలాసేపు అక్కడే బురదలో ఉన్నాను. 'ఏమైంది' అని అడగడానికి మనిషి లేడు. రాయి కాస్త ఇటు పడి ఉంటే, డ్యూటీకి రాలేదని డిపో వాళ్లు వెతికేదాకా ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ల మనిషిని, వల చుట్టుకుని ఏడ్చాను.

మర్నాడు నడుము పట్టుకుని టికెట్లు కొడుతుంటే, సింహాద్రిపురం వైపు పల్లె నుంచి తరచూ మా బస్సెక్కే ఒక పెద్దాయన కారణం అడిగాడు. ఒకప్పుడు ద్రాక్షతోటలు పెంచిన మనిషి. జరిగింది చెబితే నవ్వలేదు, అదే నాకు నచ్చింది.

"కూసం నిట్టగా పాతినావా?"

"అట్లనే కదా పాతేది?"

"అది కంచెకప్పా. కంచెది ఊరికే నిలబడుకోనుంటే చాలు. ఇది పందిరి మాదిరి. పందిరి గుంజను తీగ లోపలికి లాగుతాంటుంది. దాన్ని ఎనక్కి ఈడ్చిపట్టేది ఇంగోటి ఉండల్ల. రాయి బరువు మోస్తాది గానీ లాగితే ఇరుగుతాది. కట్టె తెచ్చుకో, ఆదివారం నేనొస్తా."

అన్నట్టే వచ్చాడు. తొడంత లావు నీలగిరి గుంజలు రెండు తెచ్చి ఉంచాను. నడుము లోతు గుంతలు తీయించాడు. గుంజలను నిలువుగా కాదు, ఉయ్యాలకు వీపు తిప్పినట్టు బయటికి వాల్చి నిలబెట్టించాడు. చుట్టూ మట్టి కాకుండా గులకరాళ్లు, పలుగురాళ్లు వేసి దిమ్మిస కొట్టించాడు. తర్వాత ఒక్కో గుంజ తల నుంచి వెనక్కి లావు ఇనుప తీగ లాగి నేలలో బిగించాలన్నాడు. పడమటి వైపు తీగకు విరిగిన కూసం ముక్కనే అడ్డంగా కట్టి లోతుగా పూడ్చాం. తూర్పు వైపుకొచ్చేసరికి ఆయన కాలు ఇసుకలో దేనికో తగిలింది. కాలితోనే ఇసుక తోసి చూశాడు. వాకిలి ఎదుటి వేపచెట్టు మొద్దు. నేనే దాని మీద ఇసుక పోయించి కప్పిపెట్టాను.

"ఇంత మొద్దు పెట్టుకొని గుంత తవ్వేదేందప్పా? ఈ ఏర్లను ఏనుగు కూడా పెరకలేదు" అని తీగ దానికే బిగించాడు.

వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. పైగా నా నడుముకు ఇంకో గుంత తవ్వే ఓపిక లేదు. ఆయన్ని పంపించి వచ్చి, మొద్దు మీద మళ్లీ ఇసుక లాగాను. తర్వాత ఉయ్యాలలో పడుకున్నాను. గుంజలు కాస్త కిర్రుమన్నాయి, తీగలు బిగిశాయి, అంతే. ఎంతసేపు ఊగినా కదల్లేదు. ఇంక ఆమె పోదు అనుకున్నాను. ఆ నెలంతా హుషారుగా ఉన్నాను, చిల్లర లేనివాళ్లను కూడా ఏమీ అనలేదు.

డిసెంబరులో వచ్చింది. కారు దిగి, పెట్టెలు దించక ముందే వాకిలి వైపు చూసి ఆగిపోయింది.

"చెట్లేవి మామా?"

"మొన్న గాలివానకు పడిపాయె. దూరాన ఉండే దానివి, బాధపడతావని చెప్పలే."

ఆమె ఉయ్యాల దగ్గరికి పోయి తాడు పట్టుకుని చూసింది. చెప్పులు విడిచి, ప్రయాణం చీరతోనే పడుకుంది. "ఊపు" అంది. ఊపాను. కళ్లు మూసుకుంది. నాలుగేళ్ల తర్వాత ఆమె నా ఇంటి ముందర, నా చేతి దూరంలో ఉంది.

కాసేపటికి కళ్లు తెరిచింది. పైన నీడ లేదు కదా, ఎండ మొహాన పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని గుంజను చూసింది, గుంజ తలకున్న తీగను చూసింది. దిగి, ఆ తీగ వెంబడే నడిచింది. అది దిగబడిన చోట కూర్చుని ఇసుక తోసింది. మొద్దు పైభాగాన్ని అరచేత్తో ఒకసారి నిమిరింది. బల్లలాగా నున్నగా ఉంది.

"గాలివాన రంపం పట్టుకోని వచ్చిందా మామా?"

అప్పుడు అంతా చెప్పాను. వాస్తు ఆయన సంగతి, పిల్లల మాట, డిపో వెనకాల పూత. ఆమె మొద్దు పక్కనే కూర్చుని విన్నది.

"పిల్లోళ్ల కోసమని చెప్పింటే నేనే కొట్టించమందునేమో" అంది. "అయినా, నాతో ఒక మాట అనకూడదా?"

ఇక్కడున్న రెండు నెలలూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. వండి పెట్టింది, చుట్టాలిళ్లకు తీసుకుపోయింది, సాయంత్రమయ్యాక ఉయ్యాలలో పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఉంటావా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె సర్దుకుంటోంది. చేతిలో ఉన్న టికెట్ల మిషన్ కూడా కింద పెట్టకుండా అట్లాగే నిలబడ్డాను.

"చెట్ల కోసం పోవడం లేదు మామా" అంది, చీరలు మడతపెడుతూనే. "ఆడున్నప్పుడు నాకు ఇల్లంటే ఏంది? నువ్వు చెప్పే మాటే. ఈడ కూసొని చూస్తాంటే ఏది ఉండాదో, ఏది నువ్వు చెప్తే ఉండాదో తెలీడం లేదు. నాకు కొన్నాళ్లు కావల్ల."

కువైట్ విమానం కోసం చెన్నై పోయే కారెక్కించి వచ్చాను. ఇంట్లో ఆమె కొబ్బరినూనె వాసన నాలుగు రోజులుంది.

రెండు వారాల దాకా ఫోన్ రాలేదు. తర్వాత ఒకరోజు, మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి మధ్యాహ్నం మూడున్నరకు మంచం మీద కూర్చుని ఉంటే వచ్చింది. అటు పిల్లలు పడుకున్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడింది.

"తిన్నావా?"

తిన్నా అనబోయాను. అంతవరకూ ఎప్పుడడిగినా అదే అన్నాను.

"లేదు" అన్నాను. "పొద్దున స్టాండులో రెండు బజ్జీలు తిన్నా. వండలే. నువ్వు పోయినాక ఒక్కనికే వండబుద్ధి కావడం లేదు."

ఫోన్ చెవికి పెట్టుకునే లేచి వంటగదిలోకి నడిచాను.

"బియ్యం కడుగు" అంది. "ఫోను పొయ్యి పక్కన పెట్టు."

పెట్టాను. ఎసరు పోశాను. ఎన్ని నీళ్లు పోశావని అడిగింది, చెప్పాను. ఎక్కువ పోశావంది. అన్నం ఉడికేదాకా ఫోన్ పెట్టేయలేదు.