పది మైక్రాన్ల గీత

2003లో నన్ను మొఘల్‌పురాలోని ఒక చిన్న ఆహార పరీక్షల లాబొరేటరీకి బదిలీ చేశారు. హోదా జూనియర్ అనలిస్టు. నేను చేరిన నెలలోనే మైక్రోస్కోపుకి డిజిటల్ కెమెరా, పక్కన కంప్యూటరు వచ్చాయి. కంటికానని పిండి రేణువు తెర మీద చింతగింజంత కనబడుతుంటే నా సంబరం అంతా ఇంతా కాదు! ఉప్పు, కారం, టీ పొడి, ఏది దొరికితే అది ఫోటో తీసేదాన్ని.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది స్కేల్ బార్. సాఫ్ట్‌వేర్ ఫోటో మూలన ఒక తెల్ల గీత గీసి, పక్కన '10 మైక్రాన్లు' అని వేస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతకుముందు ఫోటో కింద 'నాలుగు వందల రెట్లు' అని రాసి ఊరుకునేవాళ్లం. ప్రింటు పెద్దది చేస్తే ఆ మాట అబద్ధమయ్యేది. గీత అలా కాదు, ఫోటోతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది.

వేసవిలో జహనుమాలోని ఒక పిండి గిర్ని నుంచి బియ్యప్పిండి శాంపిల్ వచ్చింది. మొక్కజొన్న పిండి కలుపుతున్నారని ఫిర్యాదు. గిర్ని యజమాని యాదగిరి మా గేటు దగ్గరే నన్ను పట్టుకున్నాడు. "మేడమ్, నా గిర్నిల మక్కలు పట్టనే పట్ట. కల్తీ అని రాస్తే గిర్నికి తాళమేస్తరు. మస్తు పరేషాన్ల ఉన్న."

శాంపిల్ తాలూకు పార్టీలతో మేం మాట్లాడకూడదు, రిపోర్టే మాట్లాడుతుంది అన్నాను.

"గట్లయితే గా రిపోర్టుకు నోరు మంచిగుండాలె" అన్నాడు. నవ్వు ఆపుకొని లోపలికి వెళ్లాను.

బియ్యం రేణువూ, మొక్కజొన్న రేణువూ రెండూ పలకలు పలకలుగానే ఉంటాయి. ముఖ్యమైన తేడా సైజులో. బియ్యానిది పది మైక్రాన్ల లోపు, మొక్కజొన్నది చాలావరకు పదిహేను, ఇరవై. మొక్కజొన్న రేణువు నడుమ చిన్న చీలిక కూడా ఉంటుంది కానీ, మా కెమెరాకి అది సరిగా అందేది కాదు. గీత పెట్టి చూశాను. రేణువులు గీతకి రెట్టింపు ఉన్నాయి!

రిపోర్టు మీద సంతకం చేసే చీఫ్ అనలిస్టు గారు ఫోటో చూసి, ఇంకేముందండీ, టైపు చేయించండి అన్నారు. నాకు మాత్రం మనసొప్పలేదు. తెర మీద ఉన్నవన్నీ మొక్కజొన్న రేణువులే, బియ్యానివి మచ్చుకైనా లేవు. కల్తీ చేసేవాడు కొంచెమైనా అసలు సరుకు ఉంచడా?

మర్నాడు చలిమిడి కోసం మా ఇంట్లో నేనే నానబోసి, దంచి, జల్లించిన పిండి పొట్లం కట్టి తెచ్చాను. లెన్సు కింద పెట్టాను. గీత ప్రకారం అదీ మొక్కజొన్నే! "ఓరి నీ దుంపతెగ!" అని గట్టిగానే అన్నాను.

గీత దానంతటది పుట్టదు. గాజు పలక మీద చెక్కిన సన్నని స్కేలు ఒకటుంటుంది, స్టేజ్ మైక్రోమీటర్ అంటాం. దాన్ని ఫోటో తీసి, తెర మీది ఇన్ని చుక్కలకు ఇన్ని మైక్రాన్లు అని సాఫ్ట్‌వేర్‌కి నేర్పాలి. లెన్సు మారితే మళ్లీ నేర్పాలి. కెమెరా బిగించిన మనిషి పది రెట్ల లెన్సుతో ఒకసారి నేర్పి, అన్ని ఫోటోలకూ ఇదే అని టిక్కు పెట్టి వెళ్లిపోయాడు. మేం ఫోటోలు తీసేది నలభై రెట్ల లెన్సుతో. దాంతో ప్రతి రేణువూ నాలుగింతలై కూర్చుంది.

గాజు స్కేలు పెట్టి కొత్తగా నేర్పాను. తెల్ల గీత అమాంతం నాలుగింతలు సాగింది! యాదగిరి పిండి రేణువులు అందులో సగానికి వచ్చాయి. మా ఇంటి పిండీ అంతే. బజారు నుంచి మొక్కజొన్న పిండి తెప్పించి పెడితే, దాని రేణువులు గీత దాటిపోయాయి. ఒళ్లు తెలియక చప్పట్లు కొట్టేశాను. చీఫ్ గారు కుర్చీ లాక్కుని వచ్చి మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టించుకుని చూశారు. రేపు మా ఇంటి పిండి కూడా తెస్తానండీ అన్నారు. రిపోర్టులో 'బియ్యప్పిండే, కల్తీ లేదు' అని రాసి సంతకం చేశారు.

వారం తిరక్కుండా, ఫలక్‌నుమా స్టేషనుకి నడిచి వెళ్తుంటే గిర్ని మోతలోంచి కేక వినబడింది. "మేడమ్! రిపోర్టుకు నోరు మంచిగనే ఉన్నది!"

ఆ తరవాత ఎన్ని మెషీన్లు మారినా, తెలియని శాంపిల్ కంటే ముందు తెలిసిన పిండిని లెన్సు కింద పెట్టేదాన్ని. గీతను చూసి గింజను నమ్మే ముందు, గింజను చూసి గీతను నమ్మాలి.