మావయ్యగారి ఏసీ పరీక్ష

మావయ్యగారు పోయారన్న కబురు నాకు గుడివాడలో తెలిసింది. అప్పుడు ఏసీ మెకానిక్కు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. నన్ను అక్కడికి పంపించింది ఆయనే. "ఎండలు ముదరకముందే ఒకసారి చూపించుకురా అమ్మాయ్, నాకివాళ ఒంట్లో బాగోలేదు" అన్నారు పొద్దున. మధ్యాహ్నం భోంచేసి వాలుకుర్చీలో నిద్రపోయి మరి లేవలేదట. ఫోన్లో మా ఆయన గొంతు విని నేను లేచి నిలబడితే, మెకానిక్కు ఏమీ అడక్కుండా బానెట్టు మూసి తాళాలు చేతిలో పెట్టాడు. పామర్రు, గూడూరు మీదుగా బందరులో మా ఇంటిదాకా ఎలా నడిపానో గుర్తులేదు. దారి పొడుగునా ఏసీ మాత్రం భేషుగ్గా పనిచేసింది. దాని మీద నాకు ఒళ్ళు మండింది.

మావయ్యగారంటే మా ఆయన తండ్రి. కాలవల డిపార్టుమెంటులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశారు. తూములూ లాకులూ తప్ప వేరే యంత్రం సంగతి తెలిసిన మనిషి కాదు. ఇంట్లో పదహారేళ్ళ కారొకటి ఉంది. ఎవరైనా అది పాడైందంటే ఊరుకునేవారు కాదు, మొరాయిస్తోంది అనాలి. మెకానిక్కు కుర్రాడైనా సరే పేరు పక్కన గారు చేర్చి పిలిచేవారు. కారెక్కగానే ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, కుడిచెయ్యి గాలి వచ్చే కంత దగ్గర పెట్టి, డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు మూసుకునేవారు. కంటి ఆపరేషను తరవాత డాక్టర్లు ఆయన్ని డ్రైవింగ్ మానెయ్యమన్నారు. మా ఆయనకి నడపటం రాదు, నాకు లైసెన్సు ఉందిగాని ధైర్యం లేదు. అందుకని కారు చాలాకాలం గుడ్డ కప్పుకుని పడుకుంది.

ఆ కారు ఏసీకి ఒక జబ్బుండేది. బయల్దేరగానే బ్రహ్మాండమైన చల్లదనం. అరగంట తిరిగేసరికి గాలి సన్నబడిపోయేది. ఫ్యాను హోరు అలాగే ఉండేది, గాలి మాత్రం చేతికి తగిలేది కాదు. గుడివాడలో రెండుసార్లు గ్యాసు నింపించాం. ఇంటికి వచ్చేలోపే మళ్ళీ అదే తంతు. మా ఆయన అమ్మేద్దామన్నాడు. మావయ్యగారు మాత్రం చివరి చేనుకి నీళ్ళందలేదంటే రెండు కారణాలు ఉంటాయనేవారు. "కాలవలో నీళ్ళు లేకపోవటం వేరు, ఉండీ రాకపోవటం వేరు అమ్మాయ్. అది తేల్చుకోకుండా పైనుంచి ఇంకా నీళ్ళు వదిలితే గట్లు తెగుతాయి." గ్యాసు నింపటం అంటే ఆయన దృష్టిలో గట్లు తెంపటమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే దివిసీమలో, అవనిగడ్డలో ఉండే మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. వారానికి రెండుసార్లు బందరు తీసుకొచ్చి వ్యాయామం చేయిస్తే చెయ్యి తిరిగి వస్తుంది, మొదటి ఆరునెలలూ దాటితే మా చేతిలో ఏమీ ఉండదు అన్నారు డాక్టర్లు. అది వైశాఖమాసం. తమ్ముడు ఆటోలో తీసుకొస్తే రెండుసార్లూ అమ్మ దారిలోనే వడగాలికి సొమ్మసిల్లింది. మూడోసారి రానంది. చెయ్యి పోతే పోయిందిలే అంది. నేను వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చాను. కారు అడగాలని నోటిదాకా వచ్చేది, అడగలేకపోయేదాన్ని.

ఎందుకంటే అత్తయ్యకీ మా అమ్మకీ పద్నాలుగేళ్ళుగా మాటల్లేవు. మా పెళ్ళిలో అత్తయ్యగారి అక్కని మొదటి బంతిలో కూర్చోబెట్టలేదట. పొరపాటైందని మా అమ్మ ఒక్కమాట అంటే పోయేది, అనలేదు. అత్తయ్య మరిచిపోతే పోయేది, మరిచిపోలేదు. కారు తాళాలేమో అత్తయ్య బొడ్లో ఉండేవి. ఇంక నేను ఏ మొహం పెట్టుకుని అడగను?

ఒక మంగళవారం పొద్దున్నే, ఇడ్లీ తింటూ, మావయ్యగారు అత్తయ్యకి వినపడేలా ఒక ప్రకటన చేశారు. ఏసీ జబ్బు కదిలే బండిలోనే బయటపడుతోంది కాబట్టి వారానికి రెండుసార్లు కారుని దూరం తిప్పి పరీక్షించాలి. తను చెయ్యి పెట్టి చూడాలి కాబట్టి బండి కోడలు నడపాలి. గుడివాడ వైపు ట్రాఫిక్కు ఎక్కువ, కొత్త చేతికి మంచిది కాదు. "అవనిగడ్డ దాకా అయితే దూరం సరిపోద్ది" అన్నారు.

అత్తయ్య ఆయన వంక ఒక్క క్షణం చూసి తాళాలు తీసి బల్లమీద పెట్టింది. ఎండెక్కకముందే వెళ్ళండి అని మాత్రం అంది.

అలా మొదలైంది పరీక్ష. మంగళ, శుక్రవారాలు పొద్దున్నే వెళ్ళి అమ్మని వెనకసీట్లో పడుకోబెట్టి బందరు తెచ్చేవాళ్ళం. సాయంత్రం చల్లబడ్డాక తమ్ముడు డ్యూటీ దిగి వచ్చి తీసుకెళ్ళేవాడు. అందాకా అమ్మ ఆస్పత్రి వరండా బల్ల మీదే. మా ఇల్లు అక్కడికి నాలుగు వీధులవతల. పులిగడ్డ వంతెన మీద నేను బెదిరి బండి నెమ్మది చేస్తే మావయ్యగారు కృష్ణని చూపించి ఇక్కడ ఒకప్పుడు పడవలో దాటేవాళ్ళమనీ, దానికి బ్రేకులే ఉండేవి కావనీ చెప్పేవారు. వచ్చేటప్పుడు చల్లపల్లి చేరేసరికి గాలి ఆగిపోయేది. వెనక అమ్మ ఊపిరి బరువుగా వినపడేది. ఒక నిద్రగన్నేరు చెట్టు నీడన ఇంజను ఆపి, ఆయన తువ్వాలు తడిపి నాకిచ్చి అమ్మ మొహం తుడవమనేవారు. పావుగంట ఆగి స్టార్ట్ చేస్తే మళ్ళీ చల్లటి గాలి వచ్చేది. కారణం ఇద్దరికీ అంతుపట్టలేదు.

నాలుగోవారంలో అనుకుంటాను, ఆ చెట్టుకింద అమ్మకి నీళ్ళు పట్టి వెనక్కి తిరిగితే నా చెప్పు తడిసింది. కారు కింద బిందె బోర్లించినట్టు మడుగు. మావయ్యగారిని పిలిచాను. ఆయన వంగి వేలు ముంచి చూశారు, ఐసు నీళ్ళలా ఉన్నాయన్నారు. నేను పోయినసారి కూడా ఆగిన చోటే ఇంత నీరు చూశానని చెప్పాను. ఆయన అలాగే గొంతుక్కూర్చుండిపోయారు. "నీళ్ళున్నాయి అమ్మాయ్, రావట్లేదంతే. లోపల చలి ఎక్కువై గడ్డకట్టి గాలికి అడ్డం పడుతోంది. కాలవలో గుర్రపుడెక్క పట్టేసినట్టు." ఆగినప్పుడు ఆ మంచే కరిగి కారుతోందన్నమాట.

మర్నాడు గుడివాడలో విప్పి చూస్తే అంతే. చల్లదనం చాలు, ఇక ఆపు అని యంత్రానికి చెప్పాల్సిన చిన్న సెన్సారు ఎప్పుడో చచ్చిపోయి ఉంది. అది మార్చటానికి గంట పట్టలేదు. "మా కోడలు కనిపెట్టిందండీ" అని షెడ్డులో ప్రతివాడికీ చెప్పారు, టీ కుర్రాడితో సహా. నేను నవ్వాను గాని లోపల గుబులుగా ఉంది. జబ్బు నయమైతే ఇక పరీక్ష ఏముంది? అమ్మ వేళ్ళు అప్పుడప్పుడే ముడుచుకుంటున్నాయి.

శుక్రవారం పొద్దున నేను దోసె వేస్తుంటే ఆయన గొంతు వినపడింది. బాగుచేయించాం సరే, నిలబడుతుందో లేదో కనీసం ఒక ఏడాది చూడాలిగా అంటున్నారు. నేను అట్లకాడ అలాగే పట్టుకుని గోడవైపు తిరిగాను. ఆ ఏడాదిలో అమ్మ చెయ్యి గ్లాసు ఎత్తింది, కర్ర పట్టుకుంది. తరవాత వారానికి ఒక్క శుక్రవారం వస్తే చాలన్నారు డాక్టర్లు. ఆయనకి నేను ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. చెప్తే పరీక్ష అన్నది అబద్ధమని ఇద్దరం ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఇప్పుడు చెప్తున్నాను, ఆయన వినటానికి లేనప్పుడు.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన శుక్రవారం నేను కారు తీయలేదు. తమ్ముణ్ణి వేరే ఏర్పాటు చూసుకోమన్నాను. అత్తయ్య నెల దాకా గడప దాటకూడదని చుట్టాలు మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఎనిమిదింటికి ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో తాళాలు.

"ఇవాళ పరీక్షకి వెళ్ళవా?"

నేను పొయ్యి ఆపి ఆవిడ వైపు తిరిగాను.

"వెనకసీటు నిండా నొప్పుల తైలం వాసన. ఏసీకి ఎవరన్నా తైలం రాస్తారా ఏంటి? ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అంతే." చీర కొంగు భుజం నిండా కప్పుకుని వెళ్ళి ఎదర సీట్లో కూర్చుంది. బెల్టు ఎక్కడ తగిలించాలో తెలియక వెతుక్కుంటుంటే నేను పెట్టాను. దారిలో ఒకే మాట అంది, నెల తిరక్కుండా వాళ్ళింట్లోకి రాను, కార్లోనే ఉంటానని.

కారు చప్పుడు విని అమ్మ కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చి, ఎదర సీట్లో మనిషిని చూసి ఆగిపోయింది. బొట్టులేని ఆ మొహం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తయ్య అద్దం దించింది.

"ఎండలో నిలబడ్డారేంటి వదినగారూ, ఎక్కండి. మధ్యాహ్నం మనింట్లో పడుకుందురుగాని."

అమ్మ ఎక్కింది. నేను ఏసీ వేశాను. అత్తయ్య తన ముందున్న గాలి కంతల రేకులు వేళ్ళతో పట్టుకుని వెనకసీటు వైపు తిప్పటం మొదలుపెట్టింది. అవి అంత దూరం తిరగవు. పులిగడ్డ వంతెన ఎక్కేదాకా తిప్పుతూనే ఉంది. నేను చెప్పలేదు.